గజానికొక మరక

నాలుగో బీరువా తలుపు మొరాయించింది. ఎర్రదారం అనే ముసలాయన దాన్ని మోకాలితో ఒక్క పోటు పొడిచి, పిడి పైకెత్తి లాగాడు. కలరా ఉండల వాసనా, దాని వెనకాలే పాత గంజి వాసనా బయటికొచ్చాయి. మూడు వారాలుగా ఆయన పని ఇదే. పొద్దున ఎనిమిదింటికి మిల్లు గేటు పక్కనున్న ఈ గదికి రావడం, కిటికీ రెక్కలు తెరవడం, బీరువాలోంచి ఒక్కొక్క గుడ్డముక్కా తీసి బల్లమీద పరచడం, అదేమిటో చెప్పడం. ఎదురుగా కూర్చుని రాసుకునే అమ్మాయి మిల్లు చరిత్ర రాయడానికి వచ్చింది. స్థలం కొన్నవాళ్లు షెడ్లన్నీ పడగొట్టి దుకాణాలు కడుతున్నారు. గేటు పక్క రెండు గదులు మాత్రం వదిలేసి, వాటిలో నాలుగు అద్దాల పెట్టెలు పెట్టి జనానికి చూపిస్తారట. నూట పదేళ్ల మిల్లుకి రెండు గదులు. ఆ మాత్రమైనా దక్కిందని సంతోషించాలి.

ఆ పిల్ల ఆయన్ని ‘సార్’ అంటుంది. డెబ్భై నాలుగేళ్ల జీవితంలో ఆయన్ని అలా పిలిచింది ఆ పిల్లొక్కతే. పేటలో అందరికీ ఆయన ఎర్రదారమే. మడతల గదిలో గుడ్డ చూసే పని ఆయనది. మగ్గం మీంచి దిగిన తాను మొదట ఆయన ముందుకే వచ్చేది. కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీద దాన్ని లాగుతూ చూసి, తెగిన పోగు కనబడినా, మురికి కనబడినా, ఆ చోట అంచుకి ఒక ఎర్రదారం ముడేసేవాడు. చూడటం పూర్తయ్యాకే తాను మడత యంత్రం ఎక్కేది. ఆయన వేసిన ప్రతి ముడికీ అవతల షెడ్డులో ఒక నేతగాడి గుండెలో రాయి పడేది. అందుకే ఎదురుగా మర్యాదగా పలకరించినా, వెనకాల ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్లు పోయారు, పేరు మిగిలింది.

ఎర్రదారం పడిన గుడ్డని బయట అమ్మేవారు కాదు, పనివాళ్లకే పంచేవారు. దాంతో పేటంతా ఒకే చారల చొక్కాలు, ఒకే చారల గౌన్లు, ఒకే చారల దిండు గలీబులు. బడి వదిలితే పిల్లలంతా ఒకే తానులోంచి కత్తిరించినట్టు వచ్చేవాళ్లు. ఏ పిల్లాడు ఎవరి పిల్లాడో తల్లులు తికమక పడేవారేమో గానీ, ఆయన పడేవాడు కాదు. వీపు మీద తెగిన పోగు చూసి, ఇది ఫలానా మగ్గం, ఫలానా నెల అని చెప్పేవాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వింది.

మిల్లు సంగతులు ఆమెకి వరసగా చెప్పుకొస్తున్నాడు. ఎవరో ధాన్యం వ్యాపారి కాలవ ఒడ్డున పల్లపు భూమి కొని నూరు మగ్గాలతో మొదలెట్టాడు. ఆయన మనవడి నాటికి అవి పన్నెండు వందలయ్యాయి. మిల్లు కూత వేస్తే పేట లేచేది, కూత వేస్తే పొయ్యి వెలిగేది. మగ్గాల షెడ్డులో పక్కవాడి చెవిలో అరిచినా వినబడేది కాదు. అందుకని అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకునేవారు. అరచెయ్యి వాల్చి అటూ ఇటూ ఊపితే మడతల గది. చూపుడువేలు కిందికి మూడుసార్లు జారిస్తే నూనె. గుప్పిట మూసి గుండెకి ఆనిస్తే, తప్పు నాది. ముప్ఫై ఏళ్లు నిండేసరికి సగం చెవుడు వచ్చేది కాబట్టి ఇళ్లలోనూ అదే భాష. మొగుడూ పెళ్లాం కీచులాడుకుంటే పొరుగువాళ్లకి చేతులూపడమే కనబడేది.

ఇవన్నీ ఆయన హుషారుగానే చెబుతాడు. నాలుగో బీరువా జోలికి మాత్రం మూడు వారాలుగా పోలేదు. ముందు మొదటిది, తర్వాత రెండోది, మూడోది, మళ్లీ మొదటిదాంట్లో ఏదో మరిచిపోయామనేవాడు. ఇవాళ ఇక దాటవేయడానికి బీరువాలు మిగల్లేదు.

అందులో ఉన్నవి లోపాల నమూనాలు. కొత్తగా చేరినవాళ్లకి చూపించి నేర్పడానికి దాచినవి. అమ్మాయే వంగి, అన్నిటికంటే కిందనున్న మడత లాగింది. నాలుగు గజాల తెల్లటి గుడ్డ. దాని మీద పప్పుగింజంత గోధుమరంగు మరకలు నాలుగు. అంచుకి ఎర్రదారం. దారానికి వేలాడుతూ చిన్న అట్టముక్క మీద ఆయన చేతిరాతే, మగ్గం అరవై నాలుగు.

“ఇది బాగుంది సార్. నూనె మరకా? నేతగాడి నిర్లక్ష్యం అని రాయనా? దీన్ని మధ్య పెట్టెలో పెడదాం.”

ఆయన గుడ్డ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ‘ఊఁ’ అంటే చాలు, రాసేస్తుంది. రాస్తే అద్దం వెనక ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. తనకంటే ఎక్కువ కాలమే ఉంటుంది. రేపు చెబుతానమ్మా, ఇవాల్టికి మిగతావి రాసుకో అన్నాడు.

అరవై నాలుగో మగ్గం బావది. బావ అంటే ఆయన భార్యకి అన్న. ఇద్దరూ ఒకరికొకరు బావలే, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం తప్ప వేరే మర్యాద ఎరగరు. షెడ్డు మొత్తంలో బావంతటి నేతగాడు లేడు. ఆ హోరులో కూడా తన మగ్గం మీద ఒక్క పోగు తెగితే కాలికింద నేల అదురు మారిందని కనిపెట్టి ఆపేసేవాడు. బావ తానులు చూడటమంటే మడతల గదికి సెలవు రోజు. అడుగడుగుకీ వెతికినా దారం కట్టే పని ఉండేది కాదు.

నలభై రెండేళ్ల కిందట ఒక సాయంత్రం, షిఫ్టు అయిపోయే వేళకి బావ మడతల గది గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ ఉయ్యాలలా ఊపాడు. చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందట. పో, పో, ఇంకా ఇక్కడేం చేస్తున్నావని తోశాడు. బల్ల దగ్గర ఇంకొక్క తాను మిగిలి ఉంది. బావదే. బావ తానులో చూడటానికేముంటుందని, చూడకుండానే యంత్రానికెక్కించాడు. యంత్రం నూనె బుడ్డి ఖాళీ అవుతోందని నిండా పోసి, మడతలు అయ్యీ అవగానే ఆసుపత్రికి పరిగెత్తాడు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే మడతల మధ్య నూనె మరకలు. మగ్గం నూనె ఇలాగే ఉంటుంది. బావ కూడా సంబరంలో ఒళ్లు మరిచాడు కాబోలనుకున్నాడు. చేతులు అలవాటు కొద్దీ ఎర్రదారం కట్టేశాయి, అట్టముక్క మీద అరవై నాలుగని రాసేశాయి.

ఆ తాను పోవాల్సింది మిల్లుకున్న అతి పెద్ద కొనుగోలుదారుకి. మేనేజరు ఆ ఒక్క తప్పుకే బావని మగ్గం మీంచి దించేశాడు. దూది గదిలో వేశాడు. బేళ్లు విప్పి దూది దులిపే గది అది. అక్కడ ఎదుటి మనిషి మొహం దూది పొగలోంచి మసగ్గా కనబడేది. బావ అక్కడ ఇరవై ఏళ్లు, మిల్లు మూతబడేదాకా చేశాడు.

ఎనిమిదో రోజున మడత యంత్రం తుడుస్తుంటే నూనె బుడ్డి మెడ దగ్గర సన్నటి చీలిక కనబడింది. నూనె నిండుగా ఉంటేనే అందులోంచి కారుతుంది. గుడ్డని మడతకి తోసే పలక వెనక్కి వచ్చినప్పుడల్లా ఆ చీలిక సరిగ్గా గుడ్డ మీదికి వస్తుంది. ఆ పలక తోసే మడత ఒక్కొక్కటీ ఒక గజం. ఆయన వెళ్లి బీరువాలో దాచిన ముక్క తీసి కొలిచాడు. మరకకీ మరకకీ మధ్య గజం. మూడు చోట్లా గజమే. మగ్గం కార్చిన నూనె అలా లెక్కగా పడదు.

ఆ రోజే మేనేజరు దగ్గరికి వెళ్లాలనుకున్నాడు. చూడకుండా మడిచానని చెబితే దూది గదికి తను పోవాలి. ఇంట్లో ఎనిమిది రోజుల పసికందు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు నలభై రెండేళ్లు సాగింది. ఆ మధ్యలో ఇరవై ఏళ్లపాటు, కొత్తవాళ్లకి పాఠం చెప్పినప్పుడల్లా ఆ ముక్కే పరిచి, మగ్గం నూనె మరకంటే ఇలా ఉంటుంది చూడండని తన నోటితోనే చెప్పాడు. ఒకసారి ఒకడు, ఇంత సమానంగా ఎలా పడ్డాయండీ అనడిగాడు. వాణ్ని ఆ నెలంతా అద్దపు బల్ల దగ్గరికి రానివ్వలేదు.

మధ్యాహ్నం భోజనానికని లేచి, ఇంటికి కాకుండా బావ ఉండే వరసకి నడిచాడు. మిల్లు క్వార్టర్లలో అవి ఆఖరి వరస. ఒక గది, ఒక వరండా, వెనక కుళాయి. బావ భార్య పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. నెలరోజులుగా ఎర్రదారం భార్యే పగలంతా అన్న దగ్గరుంటోంది. తలుపు పక్కన ఆక్సిజన్ సిలిండరు, దాని మీద ఉతికి ఆరేసిన తువ్వాలు. బావ మంచం మీద గోడకానుకుని కూర్చుని పక్కింటి పిల్ల పైజామాకి బొందు ఎక్కిస్తున్నాడు. మగ్గం దగ్గర పోగులు లాగే సన్నటి ఇత్తడి కొక్కెం మాత్రం ఆయన మిల్లుకి తిరిగివ్వలేదు. మగ్గం పోయాక ఆ కొక్కెంతో వీధిలో అందరి పైజామాలకీ, లంగాలకీ బొందులెక్కించడం పెట్టుకున్నాడు. షెడ్డులో అంతటి నేతగాడు వీధికి బొందుల తాతయ్యాడు.

ఏం చూస్తున్నావని కళ్లెగరేశాడు బావ. ఊపిరి చాలక మాటలు తగ్గించి, మళ్లీ పాత చేతుల భాషలోకి దిగిపోయాడు ఈమధ్య. ఎర్రదారం మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగో బీరువా తెరిచామని చెప్పాడు. చెబుతూ భార్య వైపు చూశాడు. ఆమె వెనక కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

“నా ముక్క ఉందా అందులో?” అన్నాడు బావ.

ఉందన్నట్టు తలాడించాడు. బావ కొక్కెం పట్టుకున్న చెయ్యి ఆపాడు.

“నేనెప్పుడూ చూడలేదు బావా దాన్ని. చీటీ చూపించారు గానీ, గుడ్డ చూపించలేదు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “చెల్లికి పిల్ల పుట్టిందన్న సంబరంలో ఉన్నా ఆ రోజు. నూనె ఎక్కడ పోశానో, ఎంత పోశానో గుర్తులేదు. ఇన్నేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నా. కుడి పక్క ఎక్కువైందా, ఎడమ పక్కా అని. నా చెయ్యి ఎప్పుడూ అలా తప్పలేదు.”

బావ తనని తిట్టుకుంటూ ఉంటాడనుకున్నాడు ఎర్రదారం. అనుమానిస్తూ ఉంటాడనీ అనుకున్నాడు. ఈ మనిషి నలభై రెండేళ్లుగా తనని తానే నిలదీసుకుంటున్నాడని ఏనాడూ అనుకోలేదు. చెప్పేద్దామని స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

“తెచ్చి చూపించు. నువ్వు కట్టిన దారంలో తప్పులేదు, నీ పని నువ్వు చేశావు. ఒక్కసారి చూస్తే ఎక్కణ్నించి కారిందో తెలిసిపోతుంది నాకు. తెలుసుకుని పోతా.” నవ్వి, కొక్కెం ఎత్తి చూపించాడు. “ఈ బొందు అయిపోయాక ఇదీ పట్టుకెళ్లి ఆ అమ్మాయికివ్వు. అద్దంలో పెట్టమను. పేరు వద్దు. అరవై నాలుగు అని రాస్తే చాలు.”

తెస్తానని లేచాడు. బావ గుడ్డని చూస్తే చాలు, ఇంక తను నోరు విప్పనక్కర్లేదు. మరకలు గజానికొకటి ఉన్నాయని ఆ కంటికి ఒకరు చెప్పాలా? బయటికొచ్చాక గుండె తేలికైనట్టే అనిపించింది. చెప్పలేని మాటని గుడ్డే చెబుతుంది. మిల్లు గదిలో అమ్మాయి లేదు, తిండికి వెళ్లినట్టుంది. ముక్కని నాలుగు మడతలు వేసి, పాత పేపర్లో చుట్టి, మూల నిలబెట్టిన గజం బద్ద కూడా తీసుకున్నాడు.

గేటు దాటి పది అడుగులు వేశాక గుండె మళ్లీ బరువెక్కింది. చూశాక బావ ఏమంటాడు? ఏమీ అనకుండా ఊరుకుంటే? అదే మరీ భయం. టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాడు. కొట్టువాడు పాత రోజుల కబుర్లు మొదలెట్టాడు. కూత ఆగిపోయినప్పటినుంచీ తన పాలు వేళకి కాగడం లేదని వాడి ఫిర్యాదు. రోజూ వినే సోదే, విసుక్కుని లేచిపోయేవాడు. ఇవాళ మాత్రం చెవులప్పగించి విన్నాడు. ఒక గ్లాసు అయింది, రెండో గ్లాసు చెప్పాడు. ఒళ్లో గజం బద్ద, బద్ద మీద పొట్లం. ఇంకో ఐదు నిమిషాలు, బావ కునుకు తీస్తుంటాడేమో, లేపడమెందుకనుకున్నాడు. అలా ఐదేసి నిమిషాలు ముప్పావుగంట దాకా పోయాయి. పిరికితనానికి ఇన్ని సాకులు దొరుకుతాయని ఆయనకి బాగా తెలిసిన సంగతే.

బావ ఇంటి దగ్గరికి వచ్చేసరికి భార్య గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. పనిలేకుండా ఆమె ఎప్పుడూ అలా కూర్చోదు. తడి చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆయన్ని చూసి లేవలేదు. సిలిండరు బుస వినబడటం లేదు, ఎవరో కట్టేశారు.

“ఇప్పుడే అండీ. పావుగంట కూడా కాలేదు. మీరొచ్చారా అని రెండుసార్లు అడిగాడు.”

ఆయన ఆమె పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు. పొట్లం ఒళ్లో ఉంది. ఏమిటది అని ఆమె అడగలేదు. అయినా విప్పాడు. గుడ్డని మోకాళ్ల మీద పరిచి, గజం బద్ద ఆనించి, మొదటి మరకనుంచి రెండో మరకకి కొలిచి చూపించాడు. నూనె బుడ్డి సంగతీ, చూడకుండా మడిచిన సంగతీ, ఎనిమిదో రోజు సంగతీ చెప్పాడు. ఎక్కడా ఆగకుండా, నీళ్లు నమలకుండా చెప్పాడు. ఇంత సులువుగా చెప్పొచ్చని తెలిస్తే ఎంత బాగుండేదో. ఆమె విన్నంతసేపూ గుడ్డనే చూసింది. చివరికి చేత్తో ఒక మరకని తడిమింది.

“ఇది నాకెందుకు చెబుతున్నారు ఇప్పుడు? అన్నయ్యకి చెప్పాల్సిన మాట.”

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. వంగిపోయిన ఆ వీపుని చూస్తుంటే ఆయనకి చచ్చిపోవాలనిపించింది. పుట్టిన బిడ్డని చూడటానికి పరిగెత్తిన ఆ సాయంత్రం, కబురు తెచ్చింది అన్నే అని తెలియక, ఆసుపత్రి మంచం మీంచి ఆమె మొదట అడిగిన మాట, అన్నయ్యకి చెప్పారా అనే.

ఎండ వాలేసరికి మిగిలిన మిల్లువాళ్లంతా వచ్చారు. అంతా కలిపి పదిమంది. ఒకరికి కర్ర, ఒకరికి మనవరాలి చెయ్యి ఆసరా. వినబడని మనుషులు కాబట్టి వరండాలో అలికిడే లేదు, చేతులే కదులుతున్నాయి. అందరికంటే పెద్దాయన జాబర్. ఆ రోజుల్లో మగ్గాలన్నీ ఆయన చేతికిందే ఉండేవి. మేనేజరు చెబితే అరవై నాలుగో మగ్గాన్ని బావ దగ్గర్నుంచి తీసుకుని ఇంకొకడికి అప్పగించింది ఆయనే. చరిత్ర రాసే అమ్మాయి కూడా సంగతి తెలిసి వచ్చి, చెప్పులు విడిచి గోడవారగా నిలబడింది.

ఎర్రదారం లేచి వరండా మధ్యకి వచ్చాడు. గుడ్డని రెండు చేతులతో ఎత్తి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. తర్వాత దాన్ని భుజం మీద వేసుకుని, అరచెయ్యి వాల్చి అటూ ఇటూ ఊపాడు. చూపుడువేలు మూడుసార్లు కిందికి జార్చాడు. గుప్పిట మూసి గుండెకి ఆనించాడు. అలాగే ఉంచాడు.

వరండాలో కదిలే చేతులన్నీ ఆగిపోయాయి. జాబర్ లేచి, ఆయన భుజం మీది గుడ్డ లాక్కుని, మరకనుంచి మరకకి తన చేతిని చాచి రెండు చోట్ల కొలుచుకున్నాడు. మూడోది కొలవలేదు. గుడ్డ తిరిగి ఆయన చేతిలో పెట్టి, వెనక్కి వెళ్లి కూర్చుని, తల మళ్లీ ఎత్తలేదు. ఎవరైనా ఏదో ఒకటి అంటే బాగుండునని ఆయన అక్కడే నిలబడి ఎదురుచూశాడు.

“ఏం చెప్పారు సార్?” అని అమ్మాయి మెల్లగా అడిగింది.

“రాసుకోమ్మా. మగ్గం అరవై నాలుగు. నేతలో లోపం లేదు. మరకలు మడత యంత్రంవి. గుడ్డ చూడకుండా మడిచి, తప్పు నేతగాడి మీద వేశారు అని రాయి. వేసినవాడి పేరూ రాయి, నేను చెబుతాను.”

ఆమె అక్కడే నిలబడి రాసుకుంది. ఆయన అంచుకున్న ఎర్రదారం ముడి విప్పి ఇద్దామని చూశాడు గానీ, నలభై రెండేళ్ల ముడి గోటికి లొంగలేదు. ఉండనివ్వండి సార్, అదీ చూపించాలి కదా అందామె. గుడ్డ తీసుకుంటూ, ఆయన పోయేముందు కొక్కెం ఏదో నాకిమ్మన్నారట, అమ్మగారు చెప్పారు అని గుర్తుచేసింది. ఆయన గదిలోకి తొంగి చూశాడు. భార్య అన్న తల దగ్గర కూర్చుని ఉంది, ఇటు తిరగలేదు. మంచం పక్క స్టూలు మీద పక్కింటి పిల్ల పైజామా అలాగే ఉంది. బొందు సగం దూరి ఆగింది, కొక్కెం ఇంకా ఆ గుడ్డ లోపలే ఉంది.